టైరు మీద అన్నీ రాస్తారు, ఆ ఒక్క కొలత తప్ప

కారు టైరు పక్కన గొంతుకూర్చుని ఓపిగ్గా చదివితే దాని జాతకం మొత్తం తెలుస్తుంది. వెడల్పు ఎంత, ఎంత బరువు మోస్తుంది, ఎంత వేగం దాకా తట్టుకుంటుంది, ఏ సంవత్సరం ఎన్నో వారంలో తయారైంది, ట్యూబు కావాలా అక్కర్లేదా... చాలా టైర్ల మీద లోపల పాలిస్టర్ పొరలెన్ని, ఉక్కు పొరలెన్ని అన్నది కూడా అచ్చుపోసి ఉంటుంది. లేనిది ఒక్కటే. ఆ టైరుని నిలబెడితే ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎంత ఉంటుంది? దాని వ్యాసం ఎంత? ఆ ఊసే ఉండదు.

లెక్క కట్టుకోవచ్చుగా అంటారు. కట్టుకోవచ్చు, ఇక్కడే కట్టి చూపిస్తాను కూడా. నా ఫిర్యాదు లెక్క కష్టమని కాదు. స్పీడోమీటర్ చూపించే వేగం, ఓడోమీటర్‌లో తిరిగే కిలోమీటర్లు, ఒక్కో గేరులో బండి లాగే తీరు, ఇవన్నీ ఆధారపడే కొలతని వదిలేసి, దాన్ని రాబట్టుకోమని మూడు రకాల అంకెలు మన చేతిలో పెట్టడం ఏమిటని. ఒకటి మిల్లీమీటర్లలో, ఒకటి శాతంలో, ఒకటి అంగుళాల్లో. అవైనా బొద్దుగా, కనబడేలా ఉంటాయా అంటే అదీ లేదు. కంపెనీ పేరు అరచేయంత అక్షరాల్లో ఉంటుంది. సైజు మాత్రం నలుపు మీద నలుపు, దుమ్ము పట్టి, ఫోను లైటు వాలుగా వేస్తే తప్ప కంటికి ఆనదు. చాక్‌పీసుతో పైపైన రుద్దితే అంకెలు తెల్లగా లేస్తాయి, ఈ చిట్కా మాత్రం బాగా పనికొస్తుంది.

అలా రుద్దితే 205/55 ఆర్16 అని వచ్చిందనుకుందాం. ప్రపంచమంతా మధ్యరకం కార్లకి విరివిగా కనిపించే సైజు ఇది.

205 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఇది రోడ్డుకి ఆనే ముఖం వెడల్పు కాదు. గాలి నింపిన టైరుకి ఈ పక్క బుగ్గ నుంచి ఆ పక్క బుగ్గ దాకా ఉండే వెడల్పు. 55 అంటే ఆ వెడల్పులో 55 శాతం. రిమ్ము నుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు గోడ, అంటే సైడ్‌వాల్, ఎంత ఎత్తో అది చెబుతుంది. ఆర్ అంటే రేడియస్ అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాదు, రేడియల్. టైరు లోపలి దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకి ఏటవాలుగా కాకుండా నేరుగా అడ్డంగా వెళ్ళే పద్ధతి. మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంట్ తీసుకుని 1949లో మార్కెట్లోకి తెచ్చింది, ఇవాళ కారు టైర్లు దాదాపు అన్నీ అవే. 16 నిజంగా రేడియస్ అయితే రిమ్ము ఒక్కటే 32 అంగుళాలు, అంటే 81 సెంటీమీటర్లు ఉండాలి. అది ట్రాక్టర్ వెనక చక్రం సంగతి. మన 16 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో.

ఇక లెక్క. 205లో 55 శాతం 112.75 మిల్లీమీటర్లు. ఈ గోడ రిమ్ముకి పైన ఒకటి, కింద ఒకటి, కాబట్టి రెండింతలు: 225.5. అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లని 1959లో అంతర్జాతీయంగా ఖాయం చేశారు కాబట్టి 16 అంగుళాల రిమ్ము 406.4. రెండూ కలిపితే 631.9 మిల్లీమీటర్లు. అంతే. కాగితం అక్కర్లేకుండా అంగుళాల్లో కావాలంటే ఇంకో దారి ఉంది. వెడల్పుని శాతంతో హెచ్చించి 1270తో భాగిస్తే రెండు గోడల ఎత్తూ ఒకేసారి వచ్చేస్తుంది, దానికి రిమ్ము కలపడమే. 205 ఇంటూ 55 అంటే 11,275. 1270తో భాగిస్తే 8.88. పదహారు కలిపితే 24.88 అంగుళాలు.

ఈ లెక్క నచ్చక టేపు తీసుకుని నేరుగా కొలిచేవాళ్ళకి ఒక మాట. రిమ్ము బయటి అంచు నుంచి అంచుకి కొలిస్తే 16 రాదు, 17 పైచిలుకు వస్తుంది. ఎందుకంటే 16 అనేది టైరు అంచు లోపల కూర్చునే చోటి వ్యాసం. ఆ కూర్చునే చోటు చుట్టూ టైరు జారిపోకుండా రిమ్ముకి చిన్న గట్టు ఉంటుంది, ఒక్కో పక్కకి సుమారు 17 మిల్లీమీటర్ల ఎత్తు. మన టేపు ఆ గట్టు మీదుగా పోతుంది. గోడ విషయంలోనూ ఇదే కథ: 112.75 ఉండాల్సినది, నేలకి ఆనని పైభాగంలో స్కేలు పెట్టి చూస్తే 95 దగ్గరే ఆగిపోతుంది, మిగతాది గట్టు వెనక దాక్కుని ఉంటుంది. లెక్కా తప్పు కాదు, స్కేలూ తప్పు కాదు. కానీ కొలిచి తెలుసుకుందాం అనుకున్న మనిషికి రెండు చోట్లా చుక్కెదురే.

ఇంతవరకూ చికాకు మాత్రమే. అసలు ప్రమాదం ఆ శాతంలో ఉంది.

మనిషి బుర్ర ఆ మూడు అంకెల్నీ విడివిడిగా చదువుతుంది. 205 తీసి 225 వేయిస్తే టైరు వెడల్పవుతుంది, మిగతాదంతా అలాగే ఉంటుందని అనుకోవడం సహజం. 55 మారలేదు, 16 మారలేదు కదా! కానీ 55 అనేది కొలత కాదు, నిష్పత్తి. 225లో 55 శాతం 123.75. గోడ 11 మిల్లీమీటర్లు పెరిగింది, వ్యాసం 22 మిల్లీమీటర్లు పెరిగి 653.9 అయింది. అంటే మూడున్నర శాతం. వెడల్పు మార్చాననుకున్నవాడు నిజానికి ఎత్తు కూడా మార్చాడు, ఆ సంగతి అతనికి సైడ్‌వాల్ మీద ఏ అంకే చెప్పలేదు. పైగా 55 అన్న అంకె అదే 55గా ఉండి అంతా బాగానే ఉందని భరోసా ఇచ్చింది.

తిరగేసి చూసినా ఇంతే. పైకి ఏ పోలికా లేని అంకెలు లోపల ఒకే టైరుకి దగ్గరగా ఉంటాయి. 195/65 ఆర్15 తీసుకోండి, 634.5 మిల్లీమీటర్లు. 225/45 ఆర్17 అయితే 634.3. 225/40 ఆర్18 అయితే 637.2. మన 205/55 ఆర్16 పక్కన వీటిని నిలబెడితే నాలుగింటి మధ్యా ఎక్కువలో ఎక్కువ తేడా 5.3 మిల్లీమీటర్లు. 15 అంగుళాల రిమ్ము నుంచి 18 అంగుళాల రిమ్ము దాకా వెళ్ళాం, టైరు ఎత్తు మాత్రం ఉన్నచోటే ఉంది. ఒకే కారుని తక్కువ మోడల్లో చిన్న రిమ్ముతో, ఖరీదు మోడల్లో పెద్ద అలాయ్ వీల్స్‌తో అమ్మగలుగుతున్నారంటే కిటుకు ఇదే. రిమ్ము ఒక అంగుళం పెరిగితే గోడ పైనా కిందా 12.7 మిల్లీమీటర్ల చొప్పున తగ్గాలి. 112.75లో అది తీసేస్తే 100. 17 అంగుళాల రిమ్ముకి గోడ 100 దగ్గర ఉండే సైజు వెతికితే 225/45 దొరుకుతుంది, 101.25. వెడల్పు పెంచడం ఇష్టం లేకపోతే 205/50 ఉంది, 102.5. ఈ ఒక్క ముక్క తెలిస్తే సైజుల పట్టికలు కంఠతా పట్టక్కర్లేదు.

కానీ ఇది తెలియని మనిషి 225/45 ఆర్17, 205/55 ఆర్16 పక్కపక్కన చూస్తే ఏమనుకుంటాడు? అవి వేరే బండివి అనుకుంటాడు. 205/55, 215/60 చూసి రెండూ దగ్గర దగ్గరే అనుకుంటాడు. రెండు అభిప్రాయాలూ తలకిందులే. 215/60 ఆర్16 వ్యాసం 664.4, మన టైరు కన్నా 5 శాతం పైనే ఎక్కువ. వెడల్పు ఒక మెట్టు, శాతం ఒక మెట్టు ఎక్కించేసరికి రెండూ ఒకదాన్నొకటి హెచ్చించుకుని కూర్చున్నాయి.

మా బావ ఒకసారి తెగ టెన్షన్ పడ్డాడు. "కొత్త టైర్లు వేయించాక మైలేజీ పడిపోయింది. లీటరుకి 18 ఇచ్చే బండి, ఇప్పుడు 17 దగ్గర కొట్టుకుంటోంది. టైర్లు నాసిరకంవి అంటగట్టినట్టున్నారు" అన్నాడు. "పాత సైజేనా బావా?" అంటే "ఆ, అదే. కాకపోతే బండి కొంచెం ఎత్తుగా ఉంటే బాగుంటుందని 215/60 వేయించా" అన్నాడు. టైర్లని తిట్టుకోవాల్సిన పనే లేదిక్కడ. ఓడోమీటర్‌కి రోడ్డు కనిపించదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, ఫ్యాక్టరీలో చెప్పిన చుట్టుకొలతతో హెచ్చించి కిలోమీటర్లుగా చూపిస్తుంది. టైరు 5 శాతం పెద్దదైతే అదే దూరానికి చక్రం తక్కువసార్లు తిరుగుతుంది. నిజంగా 100 కిలోమీటర్లు వెళ్ళినా మీటర్లో 95 మాత్రమే పడతాయి. పెట్రోలు మాత్రం 100కి కాలుతుంది. కాబట్టి కాగితం మీద 18 కాస్తా 17.1 అవుతుంది. బావకి లెక్క చూపిస్తే మైలేజీ సంగతి వదిలేసి "అయితే బండి తిరిగిన కిలోమీటర్లు తక్కువ చూపిస్తుందా? అమ్మేటప్పుడు మంచిదేగా!" అన్నాడు. మనుషుల బుర్ర ఎటు పోతుందో చెప్పలేం.

సైజు మార్చకపోయినా ఈ మాయ కొంత ఉంటుంది. కొత్త కారు టైరుకి గాడుల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6. ఆ రెంటి మధ్య అరిగే 6.4 మిల్లీమీటర్లని రెండు వైపులా తీసేస్తే వ్యాసం దాదాపు 13 మిల్లీమీటర్లు తగ్గుతుంది, మన టైరుకి 2 శాతం. అంటే బాగా అరిగిన టైర్ల మీద బండి నిజంగా వెళ్ళినదానికన్నా 2 శాతం ఎక్కువ దూరం చూపిస్తూ ఉంటుంది. అవి తీసేసి అదే సైజు కొత్తవి వేయించిన రోజు నుంచే మైలేజీ ఆ మేరకు పడిపోయినట్టు కనిపిస్తుంది. కొత్త టైరు గాడులు లోతుగా ఉండటం వల్ల దొర్లడానికి కొంచెం ఎక్కువ శక్తి తీసుకుంటుంది, అది నిజమే. కానీ జనం తిట్టుకునే మైలేజీలో కొంత పెట్రోలుది కాదు, లెక్కది.

మైలేజీ పోతే పోయింది. స్పీడోమీటర్ దగ్గర ఇంత తేలిగ్గా తీసుకోలేం. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నియమం ప్రకారం కారు స్పీడోమీటర్ నిజమైన వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపించకూడదు. ఎక్కువ చూపించొచ్చు, నిజ వేగంలో పదోవంతు, దాని మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా. అంటే 100లో వెళ్తుంటే 114 చూపించినా తప్పు లేదు, 99 చూపిస్తే తప్పు. అందుకే కంపెనీలు ముందుజాగ్రత్తగా కాస్త పైకి చూపించేలా పెడతాయి. మీ కారు 100లో వెళ్ళేటప్పుడు 103 చూపిస్తోందనుకోండి. 215/60 ఎక్కిస్తే అది 98 చూపిస్తుంది. కంపెనీ వదిలిన వెసులుబాటు అంతా టైరు తినేసి, ఇంకా రెండు కిలోమీటర్లు అప్పు పెట్టింది. మీరు పరిమితికి లోబడే వెళ్తున్నానని నమ్ముతుంటారు, కెమెరా నమ్మదు.

టైరు పెద్దదైతే గేర్లన్నీ కాస్త బరువెక్కుతాయి, ఎత్తు ఎక్కేటప్పుడు బండి మందగించినట్టు ఉంటుంది. పూర్తిగా తిప్పిన స్టీరింగ్ మీద గుంత వస్తే మడ్‌గార్డు లోపల రాసుకోవచ్చు. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే బండ్లలో ముందువీ వెనకవీ వ్యాసంలో తేడా వస్తే మధ్యలో ఉండే యంత్రభాగం తిరుగుడులో తేడాని రోజంతా భరిస్తూ వేడెక్కి అరిగిపోతుంది, అందుకే అలాంటి బండ్ల తయారీదారులు నాలుగు టైర్లూ ఒకేలా ఉండాలని గట్టిగా చెబుతారు. గాలి తగ్గితే డాష్‌బోర్డులో లైటు వెలిగే ఏర్పాటు కొన్ని కార్లలో ఎలా పనిచేస్తుందో తెలుసా? టైరులో సెన్సరేమీ ఉండదు. గాలి తగ్గిన టైరు కొంచెం కుంగి, మిగతావాటికన్నా కొంచెం వేగంగా తిరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కి చక్రాల వేగం ఎలాగూ తెలుసు కాబట్టి ఆ చిన్న తేడాని పట్టుకుంటుంది. కంప్యూటరు ఆ కొద్దిపాటి తేడాకే లైటు వెలిగించి చెబుతోంది. టైరు కొనుక్కునే మనిషికి మాత్రం ఆ కొలతే అక్కర్లేదన్నట్టు సైడ్‌వాల్ ఖాళీగా ఉంది.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఈ భాగమే. మోటారు కార్ల తొలినాళ్ళలో టైరు మీద మొదటి అంకె వ్యాసమే! ఫోర్డ్ మోడల్ టి కారు వెనక టైరు సైజు 30×3½. అంటే బయటి వ్యాసం 30 అంగుళాలు, మందం మూడున్నర. రిమ్ము ఎంతో తెలియాలంటే రెండు వైపులా మూడున్నర చొప్పున తీసేసుకోవాలి, 23. అప్పట్లో మనకి వ్యాసం చెప్పి రిమ్ముని లెక్క కట్టుకోమన్నారు. ఇప్పుడు రిమ్ము చెప్పి వ్యాసం లెక్క కట్టుకోమంటున్నారు.

తర్వాత తక్కువ గాలితో నడిచే లావు టైర్లు వచ్చాయి, రాసే పద్ధతి మారింది. 6.00-16 అంటే ఆరు అంగుళాల వెడల్పు, 16 అంగుళాల రిమ్ము. వ్యాసం పోయింది, కానీ ఎవరికీ లోటు తెలియలేదు, ఎందుకంటే అప్పటి టైరుకి వెడల్పెంతో ఎత్తూ దాదాపు అంతే. ఆరు, ఆరు, పదహారు కలిపితే 28, అయిపోయింది. మోటారు సైకిళ్ళ టైర్ల మీద 3.00-18 లాంటి రాతలు ఆ కాలం నుంచి వచ్చినవే. ఆ తర్వాత వేగాలు పెరిగాయి, మలుపుల్లో బండి ఊగకుండా ఉండటానికి టైరు గోడలు పొట్టివవుతూ వచ్చాయి. 165 ఆర్13 అని శాతమే లేకుండా రాసే రోజుల్లో అది 80కి కాస్త అటూ ఇటూ అని అందరికీ తెలుసు. 70లు, 60లు, 50లు వచ్చాక అలా ఊహించుకోవడం కుదరక ఆ శాతాన్ని మధ్యలో ఇరికించారు. వ్యాసం ఊహకి అందే కాలంలో దాన్ని రాయడం మానేశారు. ఊహకి అందకుండా పోయాక మళ్ళీ రాయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. శాతం ఒకటి తగిలించి, కావాలంటే మీరే కట్టుకోండన్నారు.

ఈ అంగుళాల గోల వదిలించుకుందామని ఒక ప్రయత్నం జరిగింది. 1975లో మిషెలిన్ టీఆర్‌ఎక్స్ అనే టైరు తెచ్చింది, రిమ్ము కూడా మిల్లీమీటర్లలోనే: 365, 390, 415. 390 అంటే 15.35 అంగుళాలు, అంటే మామూలు టైరు దానికి ఎక్కదు. టైరు బాగుండేదనే పేరుంది గానీ దానికి దాని రిమ్మే కావాలి, ఆ రిమ్ముకి ఆ టైరే కావాలి. చివరికి ఆ సైజులు మూలపడ్డాయి. అంగుళాల రిమ్ములు కోట్ల సంఖ్యలో తిరుగుతున్నాయి, వాటిని ఎవరూ కదిలించలేరు, దాంతో నాకు పేచీ లేదు. రిమ్ము మార్చమని నేనడగట్లేదు. ఒక అంకె అచ్చు వేయమంటున్నాను.

బురదలోనూ రాళ్ళ మీదా తిరిగే బండ్ల టైర్లు కొన్నిటి మీద ఆ అంకె ఇప్పటికీ ఉంది. 31×10.50 ఆర్15 అని కనిపిస్తే అందులో 31 నేరుగా వ్యాసం, అంగుళాల్లో. ఆ బండ్లు నడిపేవాళ్ళకి నేలకీ బండి పొట్టకీ మధ్య ఎంత ఖాళీ ఉందన్నది ముఖ్యం కాబట్టి వాళ్ళు వ్యాసం అడుగుతారు, కంపెనీలు రాస్తున్నాయి. చేతకాక మానేసిన పని కాదన్నమాట.

ఇక్కడ ఒక ఇంజినీరు లేచి అడిగే ప్రశ్న నాకు తెలుసు. "ఏ వ్యాసం రాయమంటావు?" న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతకాలంటే చాక్‌పీసు మళ్ళీ తీయాలి. చదునైన నేల మీద బండి నిలిపి, గాలి సరిచూసి, టైరు నేలకి ఆనే చోట టైరు మీదా నేల మీదా ఒక గీత గీసి, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా బండిని మెల్లగా నెట్టి, మళ్ళీ గీత గీసి రెండు గీతల మధ్య దూరం కొలవండి. 631.9ని పై విలువతో, అంటే 3.14తో, హెచ్చిస్తే 1985 మిల్లీమీటర్లు రావాలి. రాదు. నేను చేసి చూశాను, ఇంట్లోవాళ్ళు వింతగా చూస్తున్నా సరే. వచ్చేది 1930 దగ్గర. సుమారు 3 శాతం తక్కువ.

టేపు తప్పు కాదిది. బండి బరువుకి టైరు అడుగున చదునవుతుంది. ఇరుసు నుంచి నేల దాకా కొలిస్తే వ్యాసంలో సగం, 316, రాదు. బరువుని బట్టి 290 ప్రాంతంలో ఉంటుంది. పోనీ ఆ 290తో చుట్టుకొలత కడదామా అంటే 1822 వస్తుంది, అదీ తప్పే. ఎందుకంటే టైరు నడినెత్తిన, రబ్బరు కింద ఉక్కు పట్టీ ఉంటుంది. అది కుంగుతుంది గానీ పొడవు పెద్దగా తగ్గదు, కాబట్టి ఒక చుట్టులో దాదాపు తన పొడవంతా నేల మీద పరుస్తుంది. నిజం ఈ రెంటికీ మధ్యన, 307 దగ్గర తేలుతుంది. ఐరోపా టైర్ల ప్రమాణాల్లో రేడియల్ టైరు దొర్లే దూరానికి వ్యాసాన్ని 3.14తో కాక 3.05తో హెచ్చించమని ఉండేది ఇందుకే. 632 ఇంటూ 3.05 అంటే 1928. చాక్‌పీసు గీతలకి బాగా దగ్గర. ఒకే టైరుకి మూడు వ్యాసార్థాలు: ఖాళీగా ఉన్నప్పుడు 316, దొర్లేటప్పుడు 307, నిలబడినప్పుడు 290.

దీనికి తోడు ఒకే సైజు పేరుతో రెండు కంపెనీల టైర్లు కొన్ని మిల్లీమీటర్ల తేడాతో ఉండొచ్చు, నియమాలే ఆ వెసులుబాటు ఇస్తాయి. అరుగుదల సంగతి ముందే చెప్పాను. కాబట్టి "ఈ టైరు వ్యాసం ఇంత" అని దశాంశంతో సహా ఎవరూ ప్రమాణం చేయలేరు. నిజమే. కానీ ఇది వ్యాసం రాయకపోవడానికి కారణమైతే వెడల్పు కూడా రాయకూడదు! 205 అన్నది ఒక నిర్ణీత రిమ్ము మీద కొలిచిన అంకె. ఈ సైజుకి ఆ కొలత రిమ్ము ఆరున్నర అంగుళాల వెడల్పుది. అదే టైరుని ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఏ రిమ్ముకైనా ఎక్కించొచ్చు. రిమ్ము అర అంగుళం మారితే టైరు వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు మారుతుంది. అంటే 205 అని రాసి ఉన్న టైరు 195 కావచ్చు, 215 కావచ్చు. అయినా రాస్తున్నారుగా. నామమాత్రపు అంకె అని అందరూ ఒప్పుకున్నారు. వ్యాసానికీ అదే మర్యాద ఇస్తే సరిపోతుంది. పైగా రెండు టైర్లని పోల్చేటప్పుడు ఆ 3 శాతం కుంగుడు రెంటికీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి నామమాత్రపు వ్యాసాల నిష్పత్తి చాలు. పనికొచ్చేది అదే.

కంపెనీలకి ఈ అంకె విలువ తెలియదా? డిక్కీ తెరిచి స్టెప్నీ చూడండి. చాలా కార్లలో అది పూర్తి సైజుది కాదు, సన్నగా ఉండే తాత్కాలిక చక్రం. 205/55 ఆర్16తో నడిచే కార్లకి వచ్చే స్టెప్నీ సైజుల్లో టి125/90 ఆర్16 ఒకటి. లెక్క కట్టండి: 125లో 90 శాతం 112.5, రెండింతలు 225, రిమ్ము 406.4, మొత్తం 631.4. అర మిల్లీమీటరు తేడా! ఇంకో రకం టి125/70 ఆర్18. అది 632.2. చోటు కలిసిరావడానికీ బరువు తగ్గడానికీ వెడల్పుని 80 మిల్లీమీటర్లు కోసేశారు, ఒకదాంట్లో రిమ్ము కూడా మార్చేశారు, గంటకి 80 కిలోమీటర్లు దాటొద్దని స్టిక్కర్ అంటించారు. వ్యాసం జోలికి మాత్రం పోలేదు. పక్క చక్రంతో సమానంగా తిరగకపోతే ఏబీఎస్ కంగారుపడుతుందనీ, రెండు పక్కల చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మీద భారం పడుతుందనీ వాళ్ళకి బాగా తెలుసు.

ఇంకో అభ్యంతరం కూడా విన్నాను. వ్యాసం రాసేస్తే జనం ఆ ఒక్కటే చూసి కొనేస్తారు, ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకెని, అంటే లోడ్ ఇండెక్స్‌ని, పట్టించుకోరు అని. సైజు పక్కనే ఉండే 91 అంటే ఒక్కో టైరు 615 కిలోల దాకా మోస్తుందని. దాని పక్కన వి అనే అక్షరం ఉంటే గంటకి 240 కిలోమీటర్ల దాకా ఆగుతుందని. వ్యాసం సరిపోయి 84 ఉన్న టైరు వేస్తే అది 500 కిలోలకే పనికొస్తుంది, ప్రమాదమే. ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు మాత్రం జనం 91 చూస్తున్నారా? ఉన్న సమాచారాన్ని చదవట్లేదు కాబట్టి లేని సమాచారం ఇవ్వక్కర్లేదనడం వితండవాదం.

సైడ్‌వాల్ మీద చోటు లేదంటే పోనీ, డ్రైవర్ తలుపు తీస్తే లోపల స్టిక్కర్ ఉంటుంది కదా. అక్కడ టైరు సైజూ, నింపాల్సిన గాలీ ఇప్పటికే రాస్తున్నారు. దాని కింద ఒక వరుస వేస్తే చాలు: బయటి వ్యాసం 632, ఇంత దాకా తగ్గొచ్చు, ఇంత దాకా పెరగొచ్చు. ఆ హద్దులు కంపెనీయే చెప్పాలి, ఎందుకంటే మడ్‌గార్డు లోపల ఎంత ఖాళీ ఉందో, స్పీడోమీటర్‌ని ఎంత పైకి పెట్టారో వాళ్ళకే తెలుసు. ఇప్పుడు చలామణిలో ఉన్న "3 శాతం అటూ ఇటూ పర్లేదు" అన్నది అందరి బండ్లకీ ఒకే గాటన కట్టిన కాకిలెక్క. నా మటుకు నేను రెండు వైపులా ఒకే హద్దు పెట్టను. చిన్న టైరు వేస్తే స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తుంది, జేబుకి తప్ప ప్రాణానికి ముప్పు లేదు. పెద్ద టైరు వేస్తే తక్కువ చూపిస్తుంది, మడ్‌గార్డుకి రాసుకుంటుంది. అందుకే కిందికి 2 శాతం, పైకి 1 శాతం దాటనివ్వను. 205/55 ఆర్16 బండికి అది 619 నుంచి 638 దాకా. ఈ లెక్కన 225/40 ఆర్18 చివరి అంచున లోపలికి వస్తుంది, చాలామంది ముచ్చటపడే 235/35 ఆర్19, 647తో, బయటే ఉంటుంది.